పది రోజుల కాపలా

బడికి వేసవి సెలవులిచ్చిన మర్నాడు పొద్దున్నే మా ముత్యం సుస్మితను కరిచింది. 2002వ సంవత్సరం అది.

ముత్యం మా ఆల్సేషన్. ఆరు కూనల్ని పెట్టి పద్దెనిమిది రోజులైంది. సుస్మిత నా దగ్గర మూడో తరగతి చదివిన పిల్ల. వాళ్ల అవ్వ సుక్కమ్మ మా కూనల కోసమని రోజూ ఒక లీటరు బర్రెపాలు పంపేది. ఆ పొద్దున పాలు మా గిన్నెలోకి వంచుకోవడానికి నేను లోపలికి వెళ్లాను. అంతలోనే ఆ పిల్ల కొట్టం తలుపు తీసి, కళ్లు తెరిచి నాలుగు రోజులైనా కాని కూనను ఒకదాన్ని ఎత్తుకుంది. ముత్యం మొరగలేదు, గుర్రుమననూ లేదు. నేను బయటికి వచ్చేసరికి సుస్మిత మోచేతి కింద నాలుగు గాట్లున్నాయి. కూన మాత్రం ఇంకా చేతుల్లోనే ఉంది.

“కింద పడేస్తె దెబ్బ తాకుతదని పడేయలే సార్” అంది.

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవాణ్ని. వెంటనే బోరు కుళాయి కింద చెయ్యి పెట్టి బట్టల సబ్బుతో కడగడం మొదలుపెట్టాను. పావుగంట కడగాలి. ఆ పావుగంటలో మా వాడకట్టు సగం గేటు ముందుకు చేరింది. పక్కింటి లింగం గుప్పెడు కారంపొడి పట్టుకొచ్చాడు.

“కారం వెట్టుర్రి. ఇసం గుంజుతది.”

“కారం వద్దు లింగం. సబ్బు చాలు.”

“కుక్క నీదే, సబ్బు నీదే. మా కారం ఏం పాపం జేసింది సారు?”

ఒకరిద్దరు నవ్వారు. అప్పటికే సుక్కమ్మ వచ్చేసింది. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. మనవరాలి చెయ్యి తిప్పి చూసి ఒకే ఒక్క మాట అడిగింది.

“సారు, గీ కుక్కకు సూదులు ఏపిచ్చినవా?”

“ఏటా వేయిస్తాం సుక్కమ్మా. ఏం భయం లేదు.”

ఆమె వెనక్కి తిరిగి జనంతో అంది: “సారు జెప్పిండు గద. ఇగ పోండ్రి, ఎవల పని వాళ్లు జూసుకోండ్రి.”

అందరూ వెళ్లిపోయారు. షామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో నేను అప్పటికి పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మందుసీసా తెచ్చి తాగొచ్చా అని అడిగేవారు, పట్టా కాగితం తెచ్చి వేలిముద్ర వేయొచ్చా అని అడిగేవారు. నేను సరే అంటే ఇంకొకరిని అడగడం ఆ ఊళ్లో లేదు.

ఆ రోజు కూడా నేను నమ్మే చెప్పాను. కానీ కుక్కలకు సూదులు వేయించేది నేను కాదు, జానకి.

కుక్కల పెంపకం మా ఆవిడ జానకీదేవిది. హకీంపేటలో వాయుసేన ఆఫీసరొకాయన బదిలీపై వెళ్తూ ఆల్సేషన్ జంటను ఎవరికైనా ఇవ్వాలని చూస్తుంటే, ఆమె వెళ్లి తెచ్చుకుంది. తర్వాత పామేరియన్లు వచ్చాయి. బహదూర్‌పల్లి వైపు కొత్త కాలనీల వాళ్లు, తోటల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు వచ్చి కూనల్ని తీసుకెళ్లేవారు. వాటికి తిండి, మందు, కాన్పు, ఎవరింటికి ఏ కూన ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, అన్నీ ఆమే. నేను బడినుంచి వచ్చి, వాటిని చెరువు కట్టమీద తిప్పుకొచ్చేవాణ్ని. అంతే నా వంతు.

కిందటేడు జూన్‌లో జానకి పోయింది. ఏడు పెద్ద కుక్కలు మిగిలాయి. ఆ పది నెలల్లో బడికి తప్ప నేను ఐదు గంటలకు మించి ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేదు. మేడ్చల్‌లో మా అక్క ఇంట్లో పెళ్లికి అక్షింతలు వేసి, తినకుండా తిరిగి వచ్చాను. మా అమ్మాయి భవిత ఆ ఏడే ఇంటరు పూర్తి చేసింది. హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతానంది. “చూద్దాం” అన్నాను. చూద్దామంటే ఏమిటో ఆ పిల్లకు తెలుసు. తాను పోతే నేను బడికి వెళ్లినప్పుడు కుక్కల్ని చూసే మనిషి ఉండదు.

ఒకసారి గంజి కాస్తూ అంది: “నాయినా, అమ్మ ఉన్నప్పుడు మనం కుక్కల్ని కట్టేస్తుంటిమి.”

మిగిలింది అనలేదు. అనక్కరలేదు కూడా.

*

మూడో రోజు సాయంత్రం బాలేష్ వచ్చాడు. షామీర్‌పేట పశువుల దవాఖానలో కాంపౌండరు. కూనలకు నులిపురుగుల మందు పోయడానికి నేనే రమ్మన్నాను. ఒక్కో కూన నోట్లో చుక్కలు వేస్తూ మాటల మధ్య అన్నాడు:

“ముత్యం పిల్లను కరిసిందంట గద సార్. జర సూదులన్న ఏపియ్యకపోతిరి ఈసారి.”

“ఏ సూదులు?”

“పిచ్చికుక్క సూదులు. మేడం ప్రతి ఉగాదికి ముందుగాల పిలుస్తుండె. పోయిన ఉగాదికి మేడమే దవాఖానల ఉండె. ఈ ఉగాదికి మీరు పిలుస్తరేమో అని జూసిన. యాది జేద్దామనుకున్న గని, ఇంట్ల గట్ల ఉన్నప్పుడు సూదుల ముచ్చట ఏం తీస్తమని ఊకున్న.”

నన్ను బాధపెట్టకూడదని ఊరుకున్నాడు. ఆ పది నెలలూ అందరూ నాపట్ల అలాగే ఉన్నారు.

భవిత లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. కుక్కల కార్డులు జానకి అందులో పెట్టేది. ముత్యం కార్డు పైనే ఉంది. గుండ్రటి చేతిరాతతో వరుసగా తేదీలు. చివరిది రెండువేల సంవత్సరం మార్చిది. దాని కింద గీతలు గీసి ఖాళీ గళ్లు ఉంచింది, ముందు సంవత్సరాల కోసం.

అప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. హోలీ తర్వాత ఊళ్లోకి ఒక పిచ్చికుక్క వచ్చింది. లింగం దూడను కరిచింది. దాన్ని కట్ట దగ్గర కొట్టి చంపారు. మూడు వారాలకు దూడ నురగలు కక్కి చచ్చిపోయింది. ఆ కుక్క తిరిగిన రోజుల్లోనే ఒక పొద్దున ముత్యం చెవిమీద చిన్న గాటు చూశాను. కంచె తీగ గీసుకుందనుకుని పసుపు అద్దాను.

బాలేష్‌కు ఆ మాట చెప్పాను. అతను ముత్యం వైపు చూసి, కూర్చున్నచోటినుంచి లేచి కాస్త వెనక్కి జరిగాడు.

“సార్, ఒక మాట జెప్త వింటరా. గమ్మున ఉండుర్రి. కరిసిన కుక్క పది దినాలు బతికిందంటె దానికి ఏం లేనట్టే. ఇప్పటికే మూడు దినాలాయె. మీరు నోరు తెరిస్తె కుర్మయ్య వస్తడు, తల్లిని కొడ్తడు, కూనల్ని కొడ్తడు. గండం అదే గడుస్తది.”

“గడవకపోతే?”

అతను మందుసీసా మూత బిగించుకున్నాడు. “గడుస్తది సార్” అన్నాడు.

అతను వెళ్లాక భవిత అడిగింది. “నాయినా, రేపు పొద్దుగాల్నే పోయి చెప్తవు గద?”

“చెప్తా.”

మర్నాడు వెళ్లాను. సుక్కమ్మ కొడుకు కుర్మయ్య జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు. మధ్యాహ్నం షిఫ్టుకు పోయే ముందు తింటున్నాడు. నన్ను చూసి ఎంగిలిచేత్తోనే లేచి మంచం వాల్చాడు. “అవ్వా, సారుకు సల్ల తే” అని కేకేశాడు. సుస్మిత చెయ్యి చాపి గాట్లు ఎండిపోయాయని చూపించింది.

“కూనను కింద పడేయలేదంట గద సార్” అన్నాడు కుర్మయ్య. “ఊరంత తిరిగి గదే జెప్పుకుంటాంది. మొన్న మా కొత్త గిలాస కింద పడేసి పలగ్గొట్టింది, అది మాత్రం ఎవ్వలికి జెప్పదు.”

“అది జారింది నాయినా” అంది సుస్మిత.

అందరూ నవ్వారు. నేను సల్ల తాగాను. గ్లాసు కింద పెట్టాను. ఎండలు, బస్సులు, కంపెనీలో కొత్త సూపర్‌వైజరు, ఇవన్నీ మాట్లాడాను. తర్వాత లేచి ఇంటికొచ్చాను. భవిత గేటు తీసి నా మొహం చూసింది. వెంటనే కూనల గిన్నెలు కడగడానికి పోయింది.

ఆ ఒక్క రోజును నేను ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా వివరించి చెప్పలేను. భయమనుకోండి, పరువనుకోండి. జానకి చేతుల్లో పుట్టిన కుక్క అనుకోండి. ఎన్ని అనుకున్నా, సూదులు పడాల్సిన ఆ పిల్లకు అందులో ఒక రోజు వృథాగా పోయింది.

*

ఐదో రోజు పాలు సుక్కమ్మే తెచ్చింది. పాలు వంచి, కొంగుతో మొహం తుడుచుకుంటూ గద్దెమీద కూర్చుంది.

“మా కుర్మయ్యకు పొల్ల అంటె పానం సారు. దానికి జరం వస్తె వాడు కన్ను మూయడు. ఈసారి మాత్రం మంచిగ గురక వెట్టి పంటాండు. ఏందిరా అంటె, సారు జెప్పినంక ఇగ నాకేం రంది అంటాండు.”

నేను నిలబడే ఉన్నాను. చేతిలో ఖాళీ గిన్నె ఉంది.

“సుక్కమ్మా, ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు. ముత్యానికి రెండేళ్లుగా సూదులు పడలేదు. నాకు మొన్న సాయంత్రం తెలిసింది. నిన్న చెప్దామని వచ్చి చెప్పలేకపోయాను.”

ఆమె కొట్టం వైపు చూసింది. ముత్యం పడుకుని కూనలకు పాలిస్తోంది.

“లింగం దూడ లెక్కనా?” అంది.

“అలా కావాలని లేదు. కానీ సూదులు వేయించాలి. ఇవ్వాళే.”

“ఏడ?”

“పట్నంలో, నారాయణగూడ దవాఖానలో.”

ఆమె లేచింది. గిన్నె నా చేతిలోంచి తీసుకుంది. “పొల్లకు తలకాయ దువ్వి తీస్కొస్త. నువ్వు అంగీ మార్చుకో. కుర్మయ్యకు మనం వచ్చినంక నేను జెప్త, నువ్వు జెప్పకు.” గేటుదాకా వెళ్లి ఆగింది. “దినాం నువ్వే తీస్కపోవాలె సారు. ఎన్ని సూదులైతె అన్ని దినాలు.”

తిట్టి ఉంటే బాగుండేది.

జూబ్లీ బస్టాండు దాకా ఒక బస్సు, అక్కడినుంచి సిటీబస్సు. సుస్మిత కిటికీ పక్కన కూర్చుని అల్వాల్ దాకా బోర్డులన్నీ చదివింది. దవాఖానలో వరుస పొడుగ్గా ఉంది. డాక్టరు చెయ్యి చూసి, “కరిచి ఎన్ని రోజులైంది?” అన్నాడు.

“ఐదు.”

“ఐదు రోజులు ఏం చేస్తున్నావమ్మా ఇంట్లో?” అని సుక్కమ్మ మీద కోప్పడ్డాడు.

సుక్కమ్మ నావైపు చూడలేదు. “ఎరుకలే సారు” అంది.

“తప్పు నాది డాక్టరుగారూ. కుక్క నాదే” అన్నాను నేను. అతను తలెత్తి నన్ను ఒకసారి చూసి, చీటీ రాశాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి. కుక్కను చంపొద్దు, వదలొద్దు. విడిగా ఒక గదిలో పెట్టి, పది రోజులు నిండేదాకా చూడాలి. చస్తే వెంటనే చెప్పాలి. బతికుంటే మిగిలిన సూదులు ఆపొచ్చు.

సూదులేసే నర్సు అమ్మాజీ గోదావరి వైపు మనిషి. సుస్మిత గౌను పైకెత్తి పట్టుకుని, సూది చూసి పెదాలు బిగించింది. నాకేం చేయాలో తోచక, “పదమూడో ఎక్కం చెప్పు సుస్మితా” అన్నాను.

“సెలవులు గద సార్” అంది ఆ పిల్ల.

అమ్మాజీ పడీపడీ నవ్వింది. “బాగా అన్నావే అమ్మడూ. మేష్టారూ, మీరు బయట నిలబడండి, పిల్ల సుఖపడుద్ది” అంది. ఆ నవ్వులోనే సూది పడిపోయింది.

మేం ఊరు చేరేసరికి పొద్దు వాలింది. సుక్కమ్మ తిన్నగా ఇంటికి వెళ్లి, షిఫ్టుకు పోకుండా బిడ్డ కోసం చూస్తున్న కొడుకుతో చెప్పింది. నేను కాళ్లు కడుక్కునేలోగా కుర్మయ్య మా గేటు ముందున్నాడు. చేతిలో గడ్డపార. వెనక లింగం, ఇంకో నలుగురు.

నేను రాగానే డాక్టరు చెప్పిందంతా విని, భవిత అప్పటికే ముత్యాన్ని సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. కూనల్ని విడిగా వసారాలో పెట్టింది. ఇప్పుడు ఆ గది గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. నేను మాట్లాడబోతే కుర్మయ్య చెయ్యెత్తి ఆపాడు.

“నువ్వు మాట్లాడకు సార్. నీ మాట అయిపోయింది. చెల్లె, నువ్వు జరుగు.”

“జరుగుత అన్నా” అంది భవిత. “కొట్టి సంపుతవు. సంపినంక దానికి పిచ్చి ఉండెనో లేదో ఎవల్ని అడుగుతవు? సుస్మితను జూసుకుంట కూసుంటవా, ఇయ్యాల మంచిగుందా, రేపు మంచిగుందా అని?”

“పదో దినం దాటి బతికితె పొల్లకు ఏం లేనట్టు. సచ్చిందంటె సూదులు పద్నాలుగు పడాలె. ఇప్పుడు సంపితె ఏది ఎరుక గాదు” అని మళ్లీ భవితే అంది.

కుర్మయ్య గడ్డపార కొసను నేలమీద ఆనించాడు. “ఇంకెన్ని దినాలు?” అన్నాడు.

“ఐదు.”

“మటన్ ముక్కల మందు వెట్టి కిటికీలకెల్లి ఏస్తె పీడ పోతది” అన్నాడు వెనకనుంచి లింగం. దూడ పోయిన కోపం అతనికి ఇంకా తగ్గలేదు.

కుర్మయ్య వెనక్కి తిరిగాడు. “ఎవడేస్తడు? ఏయి జూస్త. నా బిడ్డ పానం దీని మీద ఉన్నది. ఐదు దినాలు దీని ఒంటిమీద ఈగ వాలినా నేను ఊకోను.”

చెప్పి, ఆ గది కిటికీ కింద కూలబడ్డాడు.

*

అప్పటినుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. గేటుకు తాళం, గదికి తాళం. కంచె అవతల వచ్చేపోయేవాళ్లు ఆగి చూడటం. నేను పొద్దున బస్సెక్కితే సాయంత్రం వస్తాను. అంతదాకా భవిత లోపలే. కూనలకు సీసాతో పాలు పడుతూ, కిటికీలోంచి ముత్యానికి గంజి గిన్నె దించుతూ. పాలు మాత్రం ఒక్క రోజూ ఆగలేదు. సుక్కమ్మ తెచ్చి గేటు మీదుగా అందించేది. అందించి, తాళం తీశాక కిటికీ దగ్గరికి వచ్చి ముత్యాన్ని కళ్లారా చూసి, అప్పుడు మాతో బస్సుకు బయల్దేరేది.

కుర్మయ్య షిఫ్టుకు పోయేముందు రెండు గంటలు, వచ్చాక ఒక గంట కిటికీ దగ్గరుండేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు. భవితనే అడిగేవాడు.

“తిన్నదా?”

“తిన్నది అన్నా.”

“నీళ్లు?”

“తాగింది.”

దాన్ని చంపాలని వచ్చిన మనిషి, దాని నీళ్ల గిన్నె ఎంత తగ్గిందో వంగి చూసుకునేవాడు. ఒక రోజు ఎండ గదిలోకి కొడుతోందని కిటికీకి గోనెసంచి తడిపి కట్టాడు.

ఎనిమిదో రోజు పొద్దున ముత్యం లేవలేదు. గంజి అలాగే ఉంది. నీళ్ల గిన్నె నిండుగా ఉంది. మూలకు తిరిగి పడుకుని రొప్పుతోంది. పిలిస్తే చెవి కదిలింది, తల తిప్పలేదు.

కిటికీ దగ్గర కుర్మయ్య, నేను, భవిత ముగ్గురం నిలబడ్డాం. దూడ కూడా మొదట నీళ్లే మానేసిందని అందరికీ తెలుసు.

సుక్కమ్మ, సుస్మిత వచ్చారు. ఈసారి నేను ఆగలేదు.

“సుక్కమ్మా, నిన్న సాయంత్రంనుంచి అది నీళ్లు తాగట్లేదు.”

ఆమె మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “బస్సు నాకు ఎరుకైంది. నేను తీస్కపోత. నువ్వు దీన్ని జూడు” అని, వెంటనే నడిచింది. సుస్మిత రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

బాలేష్‌కు కబురు చేస్తే వచ్చాడు గానీ కిటికీ దాటి రాలేదు. “సార్, లోపలికి పోవద్దు. దండం పెడ్త. పది దినాలు నిండేదాక పోవద్దు” అన్నాడు. భవిత నా చొక్కా వెనకనుంచి పట్టుకుంది.

“ఊరికే చూస్తూ కూర్చుంటే ఏం తెలుస్తుంది? అది దేనివల్ల లేవట్లేదో తెలియాలి కదా” అన్నాను. జానకి అయితే ఎప్పుడో లోపల ఉండేది.

కుర్మయ్య తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఆ నాలుగు రోజుల్లో నాతో మొదటిసారి మాట్లాడాడు. “నేను తలుపు పట్టుకుంట. అది లేస్తె నువ్వు ఉరుకు.”

లోపల ముక్కిపోయిన వాసన, ఉక్క. నేను దాని పేరు మెల్లగా పలుకుతూ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా చెయ్యి చూసి పెదవి పైకెత్తింది, మళ్లీ దించింది. వీపుమీద చెయ్యి వేశాను. తర్వాత పొట్టమీద. పొట్ట కాలుతోంది. పొదుగు రాయిలా గట్టిగా ఉంది. తాకగానే అది సన్నగా మూలిగింది.

మూడు రోజులుగా కూనలు లేవు. పాలు ఎక్కడికీ పోలేదు.

“బాలేష్” అన్నాను. “పాలు గడ్డకట్టాయి.”

 కిటికీ అవతల బాలేష్ గొంతు మళ్లీ మామూలుగా పలికింది. “ఉడుకునీళ్లల్ల గుడ్డ ముంచి కాపుర్రి సార్. కాపుకుంట పిండుర్రి. జరం సూది నేనిస్త, మీరే ఏయుర్రి.”

భవిత నీళ్లు కాచింది. కుర్మయ్య తలుపు సందులోంచి చెంబులు అందించాడు. గుడ్డ వేసి కాపుతూ ఒక్కో చన్నూ పిండాను. మొదట పసుపు పచ్చని నీళ్లు, తర్వాత తునకలు, ఆ తర్వాత పాలు. గంట పైనే పట్టింది. అది రెండుసార్లు నా మణికట్టును నోట్లోకి తీసుకుంది, పళ్లు ఆనించలేదు. నేను చెయ్యి లాక్కోలేదు. లాక్కోవాలని కూడా తోచలేదు.

మధ్యాహ్నం కుర్మయ్య షిఫ్టుకు పోలేదు. ఎండ తిరిగే వేళకు ముత్యం తల ఎత్తి, కాళ్లు ఈడ్చుకుంటూ గిన్నె దగ్గరికి వెళ్లింది. గదిలో ఆ చప్పుడు ఒక్కటే వినిపించింది.

“తాగుతాందా?” అన్నాడు తలుపు అవతలినుంచి.

“తాగుతోంది.”

తలుపు నెమ్మదిగా వెనక్కి కదిలింది. అతను దానికి వీపు ఆనించి కూర్చున్నాడని తెలిసింది. నేనూ బయటికి పోలేదు.

*

పదకొండో రోజు ఏడో సూది కోసం నారాయణగూడ వెళ్లాం. డాక్టరు చీటీ చూసి, “కుక్క ఎట్లా ఉంది? పది రోజులు నిండాయి కదా” అన్నాడు.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు సుక్కమ్మ అంది: “బతికే ఉన్నది. నేను జూసిన, పొద్దుగాల్నే. గంజి తాగింది, నీళ్లు తాగింది. నా కండ్లతోని జూసిన.”

డాక్టరు ఆమె మొహం చూసి మిగిలిన సూదులు కొట్టేశాడు. అమ్మాజీ బయటికి వచ్చి సుస్మిత చేతిలో రెండు బిస్కెట్లు పెట్టి, “ఇప్పుడు చెప్పవే అమ్మడూ పదమూడో ఎక్కం” అంది. సుస్మిత బిస్కెట్టు నోట్లో పెట్టుకుని, మాట్లాడలేనని సైగ చేసింది.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైతే వెళ్లి చూశాను. కుర్మయ్య. గదికి తాళం లేదు. ముత్యం కొట్టంలో కూనల మధ్య ఉంది. అలవాటుగా వచ్చేశానని అప్పుడే గుర్తొచ్చినట్టుంది, గేటు దగ్గరే ఆగిపోయాడు. “తిన్నదా?” అన్నాడు, ఎటో చూస్తూ. తిన్నదన్నాను. వెనక్కి తిరిగి పోయాడు.

మే నెలాఖరుకు కుక్కలన్నిటికీ సూదులు వేయించి, కార్డుల్లో ఖాళీగా ఉన్న గళ్లు నింపాను. పామేరియన్లను బహదూర్‌పల్లి కాలనీలో కుక్కల్ని బాగా చూసుకునే ఒక కుటుంబానికి, పెద్ద మగ కుక్కల్ని తోటలున్న ఇద్దరికి ఇచ్చేశాను. కూనలు కూడా కార్డులతో వెళ్లాయి. మళ్లీ ముత్యాన్ని జతకట్టించలేదు. భవిత హాస్టల్‌కు పెట్టె సర్దుకుంటూ, “నాయినా, ఒక్కనివి ఉంటవా?” అంది. ఉంటానన్నాను. ఆమె పోయిన రోజు సాయంత్రం ఎక్కడికైనా పోవచ్చు కదా అనిపించింది. చెప్పులేసుకుని కట్టదాకా వెళ్లి, తిరిగి వచ్చేశాను.

జూన్‌లో బడి తెరిచారు. ఎవరూ పిల్లల్ని మానిపించలేదు. మందుసీసాలు, పట్టా కాగితాలు మాత్రం రాలేదు. మొదటి రోజు సుక్కమ్మ సుస్మితను తీసుకుని తరగతి గుమ్మం దాకా వచ్చింది.

“నాలుగుల కూసోవెట్టాలె గద సారు?”

“అవును సుక్కమ్మా. పాసైంది.”

ఆమె కదలలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. “కాయితం ఉంటదంట గద” అంది.

బీరువా తెరిచి సుస్మిత మార్కుల కాగితం తీసి ఇచ్చాను. సుక్కమ్మకు చదువు రాదు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత దాన్ని నాకు ఇవ్వకుండా మనవరాలి ముందుకు వంచింది.

“సదువు.”

సుస్మిత వేలు పెట్టి మెల్లగా చదివింది. తన పేరు, వాళ్ల నాయిన పేరు, ఊరు. తెలుగు, లెక్కలు, పరిసరాలు. ఒక చోట తడబడి, వెనక్కి వెళ్లి, గుణింతం కూడబలుక్కుని మళ్లీ చదివింది. కింద నా సంతకం కూడా చదివింది. నేను ఎక్కడా అందించలేదు.

“గంతేనా?” అంది సుక్కమ్మ.

“గంతే అవ్వా. పాస్.”

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది. “కూసో పో” అని పిల్లను లోపలికి పంపింది.